రెండోది అడిగితే మొదటిది పోతుందా?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు గానీ, పాలమూరు పల్లెల్లో గానీ వికలాంగుల పింఛన్ తీసుకుంటున్నవాళ్లను "ఇంకేమన్న పెట్టుకున్నరా?" అని అడిగితే తరచూ వినపడే జవాబు ఒకటుంది: "ఎందుకు లొల్లి, ఉన్నది గూడ కట్ అయితది." ఈ భయం ఊరికే పుట్టలేదు. సర్వేల తర్వాత జాబితాలో మాయమైన పేర్లూ, వేలిముద్ర పడక ఆగిన నెలలూ చూసినవాళ్లు ఆచితూచే మాట్లాడతారు. కానీ ఆ మాటలో నిజం సగమే. సగం ఎక్కడిదాకానో తెలియక, మిగతా సగంలో రావలసినవి అడగకుండానే పోతున్నాయి.

నిజమైన సగం పింఛన్‌ది. తెలంగాణలో ఆసరా పింఛన్లు 2014 నవంబర్ 8న కొత్తూరులో మొదలయ్యాయి. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు రంగారెడ్డి. వృద్ధులు, వితంతువుల వంటివారికి నెలకు 1,000, వికలాంగులకు 1,500 రూపాయలు. 2019లో అవి 2,016, 3,016 అయ్యాయి. 2023లో వికలాంగులది ఒక్కటీ 4,016కు పెరిగింది. వృద్ధులు, వితంతువులు, నేత, గీత, బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు అంటూ వర్గాలు ఎన్ని ఉన్నా, ఒక మనిషికి ఒక పింఛనే.

సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాకలో యాభై దాటిన నేతకారుడు ఒకరున్నారనుకుందాం. ఆయన చేనేత పింఛన్‌కు అర్హుడే. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ వల్ల మోకాళ్లు పట్టేసి గుంట మగ్గంలో కాళ్లు ఆడించలేకపోతే, వైకల్య శాతాన్ని బట్టి వికలాంగుల పింఛన్‌కూ అర్హుడే. అయినా రెండూ కలిపి 6,032 రావు. పెద్దదేదో అదే తీసుకోవాలి. ఇలాంటివాళ్లు 2,016 మీదే ఉండిపోతే ఏటా 24,000 వదులుకుంటున్నట్టు. వాళ్లు అడగాల్సింది రెండో పింఛన్ కాదు, ఉన్నదాన్ని మార్చమని. వికలాంగురాలైన వితంతువుకూ ఇదే లెక్క.

కేంద్రం వాటా సంగతి కూడా చెప్పుకోవాలి. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛన్ పథకం 2009లో వచ్చింది. 80 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్న 18 నుంచి 79 ఏళ్ల పేదలకు నెలకు 300 రూపాయలు. అది విడిగా చేతికి రాదు, రాష్ట్రం ఇచ్చే మొత్తంలోనే కలిసి ఉంటుంది. "కేంద్రం పింఛన్ వేరే ఉంది, ఇప్పిస్త" అని ఎవరైనా డబ్బులు అడిగితే దండం పెట్టి పంపించెయ్యండి. ఇంటికి ఒక్కటే అన్న నియమం కూడా వృద్ధాప్య పింఛన్‌దే. అవ్వకు పింఛన్ వస్తోందని మనవడి వికలాంగుల పింఛన్ ఆపాల్సిన పనిలేదు.

ఇక్కడితో నిజమైన సగం అయిపోయింది. పింఛన్‌కు పోటీ మరో పింఛన్ మాత్రమే. బస్సు రాయితీ, రైలు రాయితీ, మూడు చక్రాల బండి, అంత్యోదయ కార్డు మీద నెలకు 35 కిలోల బియ్యం: వీటిలో ఏది తీసుకున్నా పింఛన్ తగ్గదు, పింఛన్ ఉందని ఇవీ ఆగవు. వేటి నియమాలు వాటివే. సహాయకులు లేనిదే ప్రయాణం చేయలేనివారికి రైల్లో స్లీపర్ క్లాసు టికెట్‌పై 75 శాతం తగ్గుతుంది, వెంట వచ్చేవారికీ అంతే. ఆర్టీసీలో సగం టికెట్. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లందరికీ ప్రయాణం ఉచితమే కాబట్టి అక్కడ ఈ పాసు ఎక్కువగా మగవాళ్లకే పనికొస్తోంది.

పాలమూరు నుంచి వలసపోయి, కడుతున్న భవనం మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్న మేస్త్రీ సంగతి తీసుకోండి. ప్రమాదానికి యజమాని చెల్లించాల్సిన పరిహారం చట్టం కింద వచ్చే హక్కు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరుంటే ఆ సాయం ఇంకొకటి. ఇవి ఒక్కసారి వచ్చే సొమ్ములు, జరిగిన నష్టానికి. నెలనెలా వచ్చే పింఛన్ బతుకు గడవడానికి. "నీకు పింఛన్ వస్తుంది కదా" అని పరిహారం ఎగ్గొట్టే మేనేజర్ మాట చెల్లదు.

కలిపి ఇవ్వాలని చట్టమే చెప్పిన చోటు కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఇతరులకు ఇచ్చే సాయం లాంటిదే వికలాంగులకు ఇస్తే అది కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. కల్యాణలక్ష్మి కింద పెళ్లికూతురికి 1,00,116 రూపాయలు. ఆమె దివ్యాంగురాలైతే 1,25,145. లెక్క కట్టి చూడండి, సరిగ్గా పావు వంతు ఎక్కువ. ప్రభుత్వ లెక్కల్లో ఇంత నిక్కచ్చితనం అరుదు, అందుకే చెబుతున్నాను.

ఉద్యోగస్తుల ఇళ్లలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. పాత పన్ను విధానంలో 80యూ కింద వికలాంగులు తమకు తామే 75,000 రూపాయలు మినహాయించుకోవచ్చు. 80డీడీ కింద అదే మనిషి పేరుమీద కుటుంబ సభ్యులు మినహాయించుకోవచ్చు. ఒకే మనిషి మీద రెండూ కుదరవు.

వీటిలో చాలావాటికి తాళంచెవి వైకల్య శాతం. వైకల్యాన్ని కొలిచే సదరం క్యాంపులో డాక్టర్లు వేసిన అంకె 40 అందుకుంటే ఒక బతుకు, 39 దగ్గర ఆగితే ఇంకో బతుకు. వినికిడి లోపం ఒక్కటే ఉంటే ఆసరాకు ఆ గీత 51. సదరం స్థానంలో ఇప్పుడు దేశమంతటికీ ఒకటే అయిన యూడీఐడీ కార్డు వస్తోంది, ఊళ్లలో పేరు మాత్రం ఇంకా సదరమే.

ఇక్కడ నల్లగొండకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. వాటిలో ఫ్లోరోసిస్ పేరు లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి మోతాదు మించి తాగి, వెన్ను వంగి, కీళ్లు బిగుసుకుపోయినవాళ్లను శారీరక వైకల్యం కిందే కొలుస్తారు. ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ ఈ జిల్లా పేరే పెట్టింది. జబ్బుకు మాత్రం జాబితాలో చోటు దొరకలేదు. దాంతో నొప్పిని కాదు, కీలు ఎంత కదులుతోందో కొలుస్తారు. రాత్రంతా మూలిగే మనిషికి పగలు క్యాంపులో 35 శాతమే పడవచ్చు.

అలాంటివారు తెలుసుకోవలసిన లెక్క ఒకటుంది. ఒకే మనిషిలో రెండు వైకల్యాలుంటే అంకెల్ని ఊరికే కూడరు, అలాగని చిన్నదాన్ని పారెయ్యరు. పెద్ద అంకెను 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చింది పెద్ద అంకెకు కలుపుతారు. కాళ్లది 35, చెవులది 30 అయితే: 90లోంచి 35 పోతే 55. దాన్ని 30తో గుణించి 90తో భాగిస్తే 18 పైచిలుకు. మొత్తం 53. విడివిడిగా ఏదీ 40 అందుకోని మనిషి, రెండూ కలిపి కొలిస్తే గీత దాటేశారు. రెండో లోపం శరీరంలో మిగిలిన శక్తిలోంచే తగ్గిస్తుందన్నది దీని వెనకున్న తర్కం. ఇబ్బందల్లా, కాళ్లు చూసే డాక్టరు వేరు, చెవులు చూసే డాక్టరు వేరు. స్లాట్ కాళ్లకే బుక్ చేసుకుంటే చెవుల సంగతి ఎవరూ అడగరు. మీసేవలోనే రెండూ చెప్పాలి.

శాతం దాటినా ఇంకో గడప ఉంది, ఇల్లు. ఆసరా మార్గదర్శకాల ప్రకారం తరి భూమి మూడెకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు మించిన కుటుంబానికి పింఛన్ లేదు. ఈ కొలత పాలమూరు, నల్లగొండ మెట్టలకు సరిపోదని నా అభిప్రాయం. ఎనిమిదెకరాల చెలకున్నా వాన లేకపోతే పంట లేని ఊళ్లివి. ఇంకో తిరకాసూ ఉంది. నాలుగెకరాల మెట్ట ఉన్న ఇల్లు అర్హమే. కల్వకుర్తి ఎత్తిపోతలో, ఎస్‌ఎల్‌బీసీ కాలువో నీళ్లిచ్చాక అదే భూమి తరి లెక్కలోకి వస్తే ఆ ఇల్లు అనర్హం. నీళ్లొచ్చినంత మాత్రాన వంగిన నడుము నిలబడదు కదా. అనర్హుల జాబితాలో రిగ్గుల యజమానులూ ఉన్నారు. లోతుకు తవ్వి ఫ్లోరైడ్ నీళ్లు పైకి తెచ్చిన ఆ యంత్రాల సంగతి తెలిసినవారికి ఆ ఒక్క నిబంధన మీద ఫిర్యాదు ఉండకపోవచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ తకరారు ఇంకోలా తెలుసు. పనిచేసి పన్ను కట్టినవారికి ఒక వైకల్య భృతి, పేదరికాన్ని బట్టి ఇంకొకటి. రెండూ ఒకేసారి పొందవచ్చు. కాకపోతే మొదటిదానిలో 20 డాలర్లు వదిలేసి, మిగతాదంతా రెండోదానిలోంచి కోసేస్తారు. మన దగ్గర కోత లేదు, ఒకటి ఎంచుకోవడమే. నాగార్జునసాగర్ దాటితే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. వైకల్యం తీవ్రతను బట్టి మొత్తం పెంచడం నాకు సబబుగా తోస్తుంది. నలభై శాతానికీ తొంభై శాతానికీ ఒకే 4,016 అన్న లెక్కలో, మంచం మీదున్న మనిషిని చూసుకోవడానికి కూలి మానుకున్న తల్లి ఎక్కడా కనపడదు.

మళ్లీ ఫ్లోరైడ్ సంగతికొస్తే, ఇంటింటికీ మంచినీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్ 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో వెలిసింది. తర్వాత నల్లా నీళ్లు వచ్చాయి, కొత్త పిల్లల ఎముకలకు ముప్పు తగ్గింది. అంతకుముందు తాగినవారిలో మాత్రం బిగుసుకున్న కీళ్లు వయసుతో ఇంకా బిగుస్తాయి. పదేళ్ల కింద 35 శాతం అని రాసిచ్చిన కాగితం ఆ రోజు కొలత మాత్రమే. మళ్లీ కొలిపించుకోవచ్చు, అప్పుడు లేని చెవుడో చూపు మాంద్యమో ఇప్పుడుంటే దాన్నీ రాయించుకోవచ్చు. తాత్కాలికమని రాసిచ్చిన సర్టిఫికెట్ అయితే గడువు తేదీ ముందే చూసుకుని, పింఛన్ ఆగకముందే స్లాట్ బుక్ చేసుకోవాలి.