మీకు తెలుసా? పత్తి పూత వెనుక మిథైల్ ముద్ర

మాచర్ల, గురజాల చేలల్లో పత్తి పువ్వు తొలిరోజు మీగడ రంగులో విచ్చుకుని, మర్నాటికి ఎర్రబారుతుంది. పగలు పొడవైనా పొట్టిదైనా ఈ పంట వేళకు పూస్తుంది. దీని అడవి జాతి మాత్రం పగటి పొద్దు తగ్గితే గానీ పూతకు రాదు.

కారణం 2017లో బయటపడింది. అడవి పత్తిలో సీఓఎల్2 అనే జన్యువును మిథైల్ ముద్రలు అణచి ఉంచాయని అమెరికాలో జెఫ్రీ చెన్ బృందం తేల్చింది. సాగు పత్తిలో ఆ ముద్రలు తొలగి జన్యువు పనిలోకి వచ్చింది. మెక్సికో ప్రాంతపు రైతులు తరతరాలుగా మంచి మొక్కల విత్తనం దాచుకున్నారు. ఈ మార్పు ఘనత ముందుగా వాళ్లదే!

ముద్ర అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. అది డీఎన్ఏలోని సైటోసిన్‌కు అతుక్కుంటుంది. అక్షరక్రమం మాత్రం మారదు.

మనలోనూ ఇంతే. ఒకే డీఎన్ఏతో కన్ను, కాలేయం వేరుగా రూపుదిద్దుకోవడంలో ఈ ముద్రల పాత్ర పెద్దది. 353 చోట్ల వీటిని కొలిచి వయసు అంచనా కట్టవచ్చని 2013లో స్టీవ్ హోర్వాత్ చూపాడు. క్యాన్సర్‌లో కణితిని అడ్డుకునే జన్యువుల నోరు నొక్కేవి కూడా ఇవే. వీటిని తగ్గించే అజాసైటిడిన్‌ను కొన్ని రక్త క్యాన్సర్లకు మందుగా వాడుతున్నారు.