హెవీ మెటల్ అంటే మోతేనా?

హెవీ మెటల్ వింటానని చెబితే మన ఇళ్లలో రెండే ప్రశ్నలు వస్తాయి. "ఆ గోలలో నీకేం వినిపిస్తుంది?" అన్నది ఒకటి. "అవి దయ్యాల పాటలట గదా?" అన్నది రెండోది. రెండూ వినకుండా అడిగేవే. అలాగని వినేవాళ్లు తక్కువేం తినలేదు. గిటార్ ఎంత వేగంగా వాయిస్తే అంత గొప్ప, శ్రుతి ఎంత దించితే అంత బరువు అని వాళ్లకూ సొంత అపోహలున్నాయి. నాకిష్టమైన ఆల్బమ్‌లు కొన్ని ముందేసుకుని, రెండు వర్గాలతోనూ కాస్త పేచీ పెట్టుకుంటాను.

అపోహ: చర్చి నిషేధించిన దయ్యపు స్వరంతో పుట్టిన సంగీతమిది.

వాస్తవం: ఈ కథ బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ చుట్టూ అల్లుకుంది. 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. సూది పెట్టగానే వాన చప్పుడు, దూరంగా గంట. ఆ తర్వాత టోనీ అయోమీ గిటార్ మీద మూడంటే మూడే స్వరాలు: జి, దాని పై స్థాయి జి, ఆ రెంటికీ సరిగ్గా నడిమధ్య ఉండే సి షార్ప్. జి మన షడ్జం అనుకుంటే, సి షార్ప్ ప్రతిమధ్యమం. ఈ స్వరాంతరాన్ని పాడినవాళ్లను మధ్యయుగాల్లో చర్చి శిక్షించేదని చెబుతుంటారు. అలాంటి నిషేధం ఉన్నట్టు ఆధారాల్లేవు. పలికించడం కష్టమని, చెవికి గరుకుగా ఉంటుందని అప్పటి సంగీతకారులు దాన్ని తప్పించుకు తిరిగిన మాట నిజం. దానికి దయ్యం పేరు తగిలించిన రాతలు మాత్రం చాలా తర్వాతివి, 18వ శతాబ్దపు తొలినాళ్లవి.

మనకైతే 72 మేళకర్తల్లో సగం, అంటే 36, ప్రతిమధ్యమ మేళాలే. కల్యాణి వినపడని కచేరీల సీజన్ ఉండదు. తంబురా షడ్జం మీద ప్రతిమధ్యమాన్ని నిలబెట్టి పాడుతుంటే పెద్దవాళ్లు తలలూపుతారే తప్ప ఎవరూ లేచి పారిపోరు. భయం స్వరంలో లేదు. అయోమీ దాన్ని ఎంత నింపాదిగా వాయించాడు, ఎలా వణికించాడు, చుట్టూ ఎంత నిశ్శబ్దం వదిలాడు, అందులో ఉంది.

ఇక సాహిత్యం. సబ్బాత్ పాటలు ఎక్కువగా రాసింది బేస్ గిటారిస్టు గీజర్ బట్లర్. క్యాథలిక్ ఇంట్లో పెరిగాడు. 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లోని 'ఆఫ్టర్ ఫరెవర్' దేవుణ్ణి నమ్మమని నేరుగా వాదించే పాట. 'వార్ పిగ్స్' యుద్ధాలు రాజేసి తాము మాత్రం భద్రంగా కూర్చునే పెద్దలను తిట్టిపోస్తుంది. కచేరీల్లో చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తి చూపే గుర్తు సంగతీ అంతే. దాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన గాయకుడు రానీ జేమ్స్ డియో, అది తన ఇటలీ బామ్మ దిష్టి తగలకుండా పట్టే ముద్ర అని చెప్పుకున్నాడు.

అపోహ: శ్రుతి దించితే చాలు, మెటల్ అయిపోతుంది.

వాస్తవం: ఇది వాయించే కుర్రాళ్ల అపోహ. ఆ తొలి ఆల్బమ్ మామూలు శ్రుతిలోనే ఉంది. దించడం వెనక కథ వేరు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న అయోమీకి పదిహేడేళ్ల వయసులో, ఉద్యోగానికి అదే చివరి రోజు అనగా, యంత్రంలో కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి, కాబట్టి తీగలు నొక్కేది కుడిచేయే. ఇక గిటార్ ముట్టనని కూర్చున్నవాడికి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్నా ప్రపంచమంతా చెప్పుకునేలా వాయించిన జిప్సీ గిటారిస్టు. దాంతో అయోమీ గిన్నెలు తోమే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అంటించాడు, సన్నటి తీగల కోసం బాంజో తీగలు వాడాడు. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి కొన్ని పాటలకు శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించాడు. తీగ వదులైతే ఆ వేళ్లకు కాస్త సుఖం. బరువు దాంతోపాటు వచ్చింది. సబ్బాత్ ఆల్బమ్‌లలో అందరూ 'పారనాయిడ్'ని నెత్తిన పెట్టుకుంటారు గానీ నా ఓటు మాత్రం 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కే. అందులోని 'ఇన్‌టు ది వాయిడ్' రిఫ్ (పాటలో పదే పదే తిరిగొచ్చే గిటార్ వరస) ముందు తర్వాతి బ్యాండ్లు దించిన శ్రుతులన్నీ తేలిపోతాయి.

అపోహ: డిస్టార్షన్ తప్పుల్ని కప్పేస్తుంది.

వాస్తవం: బయటపెడుతుంది. యాంప్లిఫయర్ మోయగలిగినదానికంటే ఎక్కువ సిగ్నల్ పంపితే ధ్వని తరంగం పైనా కిందా కోసుకుపోతుంది. చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా తగ్గిపోతుంది. అంటే వేలు పొరపాటున తగిలిన పక్క తీగ కూడా అసలు తీగంత గట్టిగా అరుస్తుంది. అందుకే మెటల్ గిటారిస్టు పనిలో సగం తీగల్ని మోగనివ్వకుండా అరచేత్తో అణిచిపెట్టడమే.

మెటల్‌లో పవర్ కార్డ్ అంత ఎక్కువగా వినిపించడానికీ డిస్టార్షనే కారణం. అందులో ఉండేవి షడ్జ పంచమాలు మాత్రమే, మన తంబురాలో మోగేవే. గిటార్ అడుగు తీగ దాదాపు 82 హెర్ట్జ్, దాని పంచమం 123. డిస్టార్షన్‌లో రెండూ కలిసినప్పుడు వాటి తేడా, అంటే 41 హెర్ట్జ్, కొత్తగా పుడుతుంది. అది షడ్జానికి కింది స్థాయి షడ్జం. గిటార్‌లో లేని బేస్ స్వరం ఊరికే దొరికినట్టు. గాంధారం కలిపామా, పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగక అంతా బురదవుతుంది.

నమ్మకం కుదరకపోతే మెటాలికా 1986 ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'లో అదే పేరున్న పాట వినండి. మత్తుమందు మనిషిని ఎలా ఆడిస్తుందో చెప్పే పాట. జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఆ రిఫ్‌లో మీటు పైకి వేయడు, అన్నీ కిందికే, సెకనుకు ఏడు దాకా. ఒక్కటి తడబడితే గోడలో ఇటుక ఊడినట్టు తెలిసిపోతుంది. అదే ఆల్బమ్‌లో మాటే లేని 'ఓరియన్' ఉంది. ఎనిమిది నిమిషాలకు పైనే. మెటాలికా మొత్తంలో నాకు ఇదొక్కటి చాలు.

అపోహ: వేగమే విద్వత్తు.

వాస్తవం: ఇంగ్వే మాల్మ్‌స్టీన్ 'రైజింగ్ ఫోర్స్' (1984) గిటార్ వేగానికి కొత్త కొలత పెట్టింది, కాదనను. కానీ ఇప్పటికీ నేను వినేది మొదటి ట్రాక్ 'బ్లాక్ స్టార్' ఒక్కటే, అది పాడుతుంది కాబట్టి. ఆయన గిటార్‌లో మెట్ల మధ్య చెక్క గుంటలు పడేలా చెక్కి ఉంటుంది. వేలు చెక్కకు తగలదు, తీగను ఇష్టమొచ్చినట్టు లాగొచ్చు. ఇలాంటి గిటార్‌నే అంతకు ముందు జాన్ మెక్‌లాఫ్లిన్ 'శక్తి' బృందంలో గమకాల కోసం వాడాడు. ఆయన వీణ నేర్చుకున్నవాడు. ఆ తర్వాత 'రిమెంబర్ శక్తి'లో ఆయన పక్కన కూర్చున్నది మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. మాండలిన్ నాదం ఠక్కున ఆరిపోతుంది, కరెంటు తోడైతే గమకం పూర్తయ్యేదాకా నిలుస్తుంది. 2001 నాటి 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' మెటల్ కాదు, అయినా నా గిటార్ ఆల్బమ్‌ల వరసలోనే ఉంటుంది. శ్రీనివాస్ వేగం ఎవరికీ తీసిపోదు, పరుగులోనూ స్వరం నలగదు.

జో సాట్రియానీ 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్' (1987)లో డ్రమ్స్ చాలావరకు యంత్రానివే, ఆ చప్పుడు ఇప్పుడు పాతబడింది. అయినా 'ఆల్వేస్ విత్ మీ, ఆల్వేస్ విత్ యూ' నెమ్మదితనం ముందు ఆయన శిష్యుల హడావిడి వెలవెలబోతుందని నా అభిప్రాయం. ర్యాండీ రోడ్స్ అయితే ఆజీ ఆస్‌బోర్న్ 'బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్' (1980)లో నిమిషం కూడా లేని 'డీ' అనే చిన్న క్లాసికల్ గిటార్ ముక్క పెట్టాడు. అమ్మ పేరు మీద చేసింది. డిస్టార్షన్ లేదు, డ్రమ్స్ లేవు.

అపోహ: మెటల్ వింటే పిల్లలు చెడిపోతారు.

వాస్తవం: దీని మీద అమెరికాలో కోర్టు విచారణే జరిగింది. 1990లో జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బ్యాండ్ మీద, పాటలో దాచిన మాటలు ఇద్దరు యువకుల్ని ఆత్మహత్యకు పురిగొల్పాయని. వినిపించాయంటున్న ఆ రెండు మాటలు ఊపిరి వదిలిన చప్పుడూ గిటార్ ధ్వనీ యాదృచ్ఛికంగా కలవడం వల్ల వచ్చినవని జడ్జి తేల్చి బ్యాండ్‌కు అనుకూలంగా తీర్పిచ్చాడు. తమాషా ఏమిటంటే ఆ పాట ప్రీస్ట్ సొంతం కూడా కాదు, స్పూకీ టూత్ అనే బ్యాండ్‌ది. 2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం మెటల్, అలాంటి మోత సంగీతం వినే 39 మందికి ముందు కోపం తెప్పించి, ఆపైన వాళ్లలో కొందరిని పాటలు విననిచ్చింది. పాటల వల్ల కోపం పెరగలేదు, ఉత్సాహం పెరిగింది. చిన్న అధ్యయనమే, దాని మీద మరీ మేడలు కట్టలేం. కానీ పిల్లవాడి గదిలోంచి మోత వినపడగానే కంగారుపడే అమ్మానాన్నలకు ఆమాత్రం చాలు.

కొత్తగా వినాలనుకునేవాళ్లు 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'తో మొదలుపెట్టండి. మొత్తం 34 నిమిషాలే. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, అడుగు స్వరాలు దాంట్లో పలకవు.