మీకు తెలుసా? లండన్ వీధి మీద విరుచుకుపడిన బీరు

లండన్‌లోని టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో ఇప్పుడు డొమినియన్ థియేటర్ ఉన్నచోట 1922 దాకా హార్స్ షూ బ్రూవరీ ఉండేది. దాని వెనక గోడను ఆనుకునే సెయింట్ జైల్స్ పేదల వాడ. ఐర్లండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు అక్కడ నేలమాళిగల్లో కూడా కాపురాలు ఉండేవారు.

1814 అక్టోబర్ 17. బ్రూవరీలో పోర్టర్ అనే నల్లబీరును నెలల తరబడి మాగబెట్టే పెద్ద కొయ్య పీపా ఒకటి ఉంది. ఎత్తు 22 అడుగులు. ఆ సాయంత్రం దానికి బిగించిన ఇనుప పట్టీ ఒకటి జారిపోయింది. ఆ పట్టీ బరువే 300 కిలోలకు పైన! గుమాస్తా జార్జ్ క్రిక్ చూసి పైవాళ్లకు చెప్పాడు. అలా జారడం ఏడాదికి రెండు మూడుసార్లు మామూలే కాబట్టి, ప్రమాదమేమీ లేదు, బాగుచేయించడానికి చీటీ రాసి పెట్టమన్నారు. సుమారు గంటకు పీపా పగిలింది. పక్కనున్న పీపాలూ దెబ్బతిన్నాయి. ఐదు లక్షల లీటర్లకు పైగా బీరు వెనక గోడను కూల్చేసి న్యూ స్ట్రీట్ ఇళ్ల మీద పడింది.

అక్కడొక నేలమాళిగలో, ముందురోజు చనిపోయిన రెండేళ్ల బాబు శవం దగ్గర అయినవాళ్లు కూర్చుని ఉన్నారు. బాబు తల్లి ఆన్ సావిల్‌తో సహా ఐదుగురు అక్కడే పోయారు. మొత్తం చనిపోయింది ఎనిమిది మంది, అందరూ ఆడవాళ్లూ పిల్లలే. వాళ్లలో ముగ్గురికి ఐదేళ్లు కూడా నిండలేదు.

ఇంత ఘోరం జరిగితే, జనం గిన్నెలు పట్టుకుని ఎగబడ్డారనీ, తాగి తాగి ఒకరు చచ్చిపోయారనీ నేటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆనాటి పత్రికల్లో ఆ మాటే లేదు. శిథిలాల కింద మూలుగులు వినబడేలా జనం నిశ్శబ్దంగా నిలబడ్డారనే ఉంది. తాగుడు కథలన్నీ తర్వాత అల్లినవి. బిడ్డల్ని పోగొట్టుకున్న వాడకు తాగుబోతు ముద్ర వేయడం అన్యాయం.

విచారణలో జ్యూరీ దీన్ని ఎవరి తప్పూ లేని ప్రమాదమని తేల్చింది. బ్రూవరీ పరిహారం కట్టాల్సిన అవసరం లేకపోయింది. పైగా, ఒలికిపోయిన బీరు మీద అది ముందే కట్టిన సుంకంలో సుమారు 7,250 పౌండ్లను ప్రభుత్వం వెనక్కి ఇచ్చింది.