ఇంటి కంప్యూటరునందు ఆపరేటింగ్ సిస్టమును క్రొత్తగా నెలకొల్పుట

ఇప్పుడు పెక్కు గృహములందు కంప్యూటరు కలదు. కుటుంబము యొక్క ఛాయాచిత్రములు, పిల్లల పాఠములు, అంగడి లెక్కలు, సంఘముల కార్యవివరణములు అందే యుండును. కొన్ని యేండ్లు వాడిన పిమ్మట ఆ యంత్రము మందగించుటయో, వైరస్ వాత బడుటయో, దాని ఆపరేటింగ్ సిస్టమునకు తయారీదారు రక్షణ నిలిచిపోవుటయో జరుగును. అప్పుడు లోపలి సాఫ్ట్‌వేరును పూర్తిగా తుడిచివేసి ఆపరేటింగ్ సిస్టమును మొదటినుండి నెలకొల్పవలసి వచ్చును. ఈ పని మిక్కిలి కఠినమైనది కాదు. హైస్కూలు విద్యార్థి సైతము పెద్దల సమక్షమున చేయగలడు. కాని వరుస తప్పిన యెడల పోయినది తిరిగి రాదు. కావున ఆ వరుసను, దాని కారణములను ఇచట వివరింపబడుచున్నవి.

ఆపరేటింగ్ సిస్టము అనగా నేమి?

యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి రెంటిని నడపించు మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టము. కీబోర్డుపై నొక్కిన అక్షరమును ప్రోగ్రామున కందించుట, ఏ ఫైలు డిస్కునందు ఎచట నున్నదో లెక్క యుంచుట, ర్యామును ప్రోగ్రాములకు పంచియిచ్చుట, ప్రింటరును పలుకరించుట దాని పనులు. విండోస్, లినక్స్, మ్యాక్ ఓఎస్ అనునవి ఇందు ప్రసిద్ధములు.

ఈ విషయము నేడు పెక్కుమందికి అవసరమగుటకు కారణ మొకటి కలదు. 2015 జూలై 29న వెలువడిన విండోస్ 10 నకు మైక్రోసాఫ్టు సంస్థ యొక్క సామాన్య రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. రక్షణ ముగిసిన సిస్టము ఆ దినముననే ఆగిపోదు. యథాప్రకారము పని చేయుచునే యుండును. అయితే అందు క్రొత్తగా బయటపడు లోపములకు సవరణలు రావు. అట్టి యంత్రముతో బ్యాంకు వ్యవహారములు నడపుట తాళము లేని ఇంటిలో నగలు పెట్టుకొనుట వంటిది.

విండోస్ 11 నకు మారదలచువారు ముందుగా తమ యంత్రము తగినదో కాదో చూచుకొనవలెను. దానికి 64 బిట్ల ఆమోదిత ప్రాసెసరు, 4 జీబీల ర్యాము, 64 జీబీల నిల్వస్థలము, సెక్యూర్ బూట్ గల యూఈఎఫ్ఐ, టీపీఎం 2.0 అను భద్రతా భాగము ఉండవలెను. ఇవి లేని పాత యంత్రమును పారవేయ నక్కరలేదు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సుపై ఆధారపడిన ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత సిస్టములు కలవు. మన దేశమున సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ కూడ ఇట్టిదే. వ్రాత, చదువు, ఇంటర్నెట్టు పనులకు ఇవి చాలును. అయితే విండోసుకై చేయబడిన లెక్కల ప్రోగ్రాములు, ముద్రణ ప్రోగ్రాములు వీనియందు అట్లే నడువవని గుర్తుంచుకొనవలెను.

ఎప్పుడు చేయవలెను, ఎప్పుడు చేయరాదు?

పాత సిస్టముపైననే క్రొత్తదానిని ఎక్కించుట అప్‌గ్రేడు. ఉన్నదానిని దాని అమరికలోనుండియే మొదటి స్థితికి తెచ్చుట రీసెట్టు. డిస్కునందలి పాత భాగములను తొలగించి, వెలుపలి పెన్‌డ్రైవునుండి క్రొత్తగా నెలకొల్పుట శుభ్రస్థాపనము. పాత దోషము లేవియు వెంట రాకుండుట మూడవదాని గుణము. పాత సొత్తు ఏదియు మిగులకుండుట దాని అపాయము.

రోగ మొకటి, మందొకటి కారాదు. హార్డ్‌డిస్కు టకటకమని చప్పుడు చేయుచున్నను, ఫ్యానునందు దుమ్ము చేరి యంత్రము వేడెక్కి ఆగిపోవుచున్నను, ర్యాము చాలకున్నను క్రొత్త సిస్టము వలన మేలు కలుగదు. తిరుగుడు పళ్ళెముల హార్డ్‌డిస్కుపై నడచు యంత్రములకు దాని స్థానమున ఎస్ఎస్‌డీని అమర్చిన వేగము స్పష్టముగా పెరుగును. అప్పుడు పాత డిస్కును తుడువక, అట్లే విప్పి భద్రపరచినచో అదియే ఒక నకలుగా నుండును.

మొదటి పని: నకళ్లు తీయుట

ఈ పని యందు సగము కాలము దీనికే వెచ్చింపవలెను. డాక్యుమెంట్లు, చిత్రములు, డెస్క్‌టాపు, డౌన్‌లోడ్లు అను ఫోల్డర్లను వెలుపలి డిస్కునకు ఎక్కింపవలెను. డెస్క్‌టాపుపై కనబడునవి వేరొకచోట భద్రముగా నున్నవని పలువురు భ్రమింతురు. అవి సాధారణముగా సి డ్రైవునందే యుండును. లెక్కల ప్రోగ్రాముల దత్తాంశము దాని స్వంత ఫోల్డరునందు దాగియుండవచ్చును గనుక, ఆ ప్రోగ్రామునందలి బ్యాకప్ ఆజ్ఞతోనే నకలు తీయుట మేలు. బ్రౌజరునందు దాచిన పాస్‌వర్డులను, గుర్తుపెట్టిన పుటల పట్టికను కూడ మరువరాదు.

మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, వానిలో ఒకటి ఇంటికి వెలుపల — ఇది అనుభవజ్ఞులు పాటించు సూత్రము. నకలు తీసినంతనే పని ముగియదు. ఆ డిస్కును మరియొక కంప్యూటరునకు తగిలించి పది ఫైళ్లనైన తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు నకలు కాదు. హార్డ్‌డిస్కునుండి తొలగిన ఫైలును ఒక్కొక్కపుడు నిపుణులు తిరిగి రాబట్టగలరు. కాని ఎస్ఎస్‌డీ తొలగించిన స్థలమును తానే ఖాళీ చేసికొను స్వభావము కలది గావున అందు ఆశ మిక్కిలి స్వల్పము.

తెలుగు వ్రాతల విషయము

ఈ ఘట్టము తెలుగున వ్రాసికొనువారందరును శ్రద్ధగా చదువదగినది. కంప్యూటరు అక్షరమును అక్షరముగా నెరుగదు. దానికి ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణమునందు తెలుగు లిపికి ప్రత్యేక స్థానము లభించినది. అందు ‘అ’ కారమునకు 3077, ‘క’ కారమునకు 3093 సంఖ్యలు. ఈ సంఖ్యలు ప్రపంచమున నెచటనైనను ఆ అక్షరములకే చెందును. విండోసునందు 2001 నాటి ఎక్స్‌పీ నుండి గౌతమి అను తెలుగు ఫాంటు చేరినది.

అంతకు ముందును, ముద్రణాలయములందు ఆ తరువాత కూడను, అను, శ్రీలిపి మొదలగు ప్రోగ్రాములతో తెలుగు వ్రాయబడుచు వచ్చినది. వాని పాత ఫాంటులందు ఇంగ్లీషు అక్షరములకు, గుర్తులకు చెందిన సంఖ్యలకే తెలుగు రూపములు తొడుగబడినవి. ఫైలునందు నిలిచియుండునది నిజమునకు ఇంగ్లీషు సంఖ్యల వరుస. తెలుగు రూపము ఫాంటు తొడిగిన ముసుగు మాత్రమే. సిస్టమును తుడిచినపుడు ఆ ఫాంటు కూడ పోవును. పిదప నకలు తీసిన ఫైలును తెరచినచో ఇంగ్లీషు అక్షరముల గజిబిజి తప్ప వేరేమియు కనబడదు. ఫైలు చెడలేదు, దానిని చదువు కన్ను పోయినది.

సంఘపు పాత నివేదికలు, నాటకముల ప్రతులు, వంశవృక్షములు, పెండ్లి పత్రికలు ఇట్టి ఫాంటులలో నున్న గృహములు కలవు. సొంత రాష్ట్రమునకు వెలుపల నున్న మనకు అట్టి వ్రాతకు రెండవ ప్రతి దొరకుట అరుదు. కావున తుడుచుటకు పూర్వము మూడు పనులు చేయవలెను. ఒకటి, విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ ఫోల్డరునుండి ఆ ఫాంటులను వేరుగా నకలు తీయుట. రెండు, ముఖ్యమైన ప్రతి ఫైలును పీడీఎఫ్‌గా మార్చి యుంచుట; అందు ఫాంటు కూడ పొదుగబడినచో ఎచట తెరచినను తెలుగే కనబడును. మూడు, తీరిక యున్నపుడు మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడునకు మార్చి, ఒత్తులు, సంయుక్తాక్షరములు తారుమారు కాలేదని మూలముతో సరిచూచుట. ఆ ప్రోగ్రాముల స్థాపక డిస్కును, అనుమతి సంఖ్యను వెదకి యుంచవలెను. అవి లేనిదే వానిని తిరిగి నెలకొల్పుట సాధ్యము కాకపోవచ్చును.

సాధన సామగ్రి

విండోస్ 10, 11 సిస్టములందు అనుమతి సాధారణముగా ఆ యంత్రపు మదర్‌బోర్డుతో ముడివడి యుండును గనుక, అదే రకపు సిస్టమును నెలకొల్పినచో అది తనంత తానే గుర్తింపబడును. ఉత్పత్తి సంఖ్యను విడిగా కొనినవారు దాని 25 అక్షరములను వ్రాసి యుంచుకొనవలెను. డిస్కు బిట్‌లాకరుతో గుప్తముగా నున్నయెడల 48 అంకెల రికవరీ సంఖ్యను కాగితముపై వ్రాసి యుంచవలెను. వైఫై, డిస్కు నియంత్రణముల డ్రైవర్లను తయారీదారు సైటునుండి ముందే దింపుకొనుట మంచిది. ఇంటర్నెట్టు లేక డ్రైవరు రాదు. డ్రైవరు లేక ఇంటర్నెట్టు రాదు.

కనీసము 8 జీబీల పెన్‌డ్రైవు కావలెను. దానియందున్న దంతయు చెరిగిపోవును. విండోసునకు మైక్రోసాఫ్టు సైటునందు లభించు మీడియా క్రియేషన్ టూలుతో స్థాపక పెన్‌డ్రైవును సిద్ధము చేయవచ్చును. లినక్సునకు ఐఎస్ఓ ఫైలును అసలు సైటునుండి దింపి, అచట ప్రకటించిన సరిచూపు సంఖ్యతో పోల్చి, పిదప ఎక్కింపవలెను. దారిన దొరకిన ప్రతులు, తాళము పగులగొట్టిన ప్రతులు వాడినచో వైరసును వెడలగొట్టి వైరసునే పిలిచినట్లగును.

స్థాపన క్రమము

ల్యాప్‌టాపును ఛార్జరునకు తగిలించి యుంచవలెను. డెస్క్‌టాపునకు యూపీఎస్ ఉండుట మేలు. నకళ్లున్న వెలుపలి డిస్కును తప్పక ఊడదీయవలెను. పెన్‌డ్రైవును పెట్టి యంత్రమును తెరచుచు ఎఫ్ 12, ఎఫ్ 2, ఎస్కేప్, డిలీట్ మీటలలో ఆ కంపెనీ నిర్ణయించినదానిని నొక్కి, పెన్‌డ్రైవునుండి ఆరంభించు మార్గమును ఎన్నుకొనవలెను.

భాషను, సిస్టము రకమును అడిగిన పిదప డిస్కు భాగముల పట్టిక కనబడును. ఇదియే మెలకువ వహింపవలసిన చోటు. అందు సి, డి అను పేర్లు కానరావు. డిస్కు 0, డిస్కు 1 అను సంఖ్యలు, జీబీల పరిమాణములు మాత్రముండును. అందువలన ఏ భాగము ఎన్ని జీబీలదో ముందుగానే కాగితముపై వ్రాసికొనవలెను. తుడువదలచిన డిస్కునందలి భాగములను తొలగించి, ఖాళీ యైన స్థలమును ఎన్నుకొని ముందునకు సాగినచో కావలసిన భాగములను స్థాపకమే కల్పించుకొనును. డి భాగమును నిలుపదలచినచో దానిని ముట్టరాదు. డిస్కు కానరానిచో అది చెడినదని తొందరపడి యనుకొనరాదు. దాని డ్రైవరును పెన్‌డ్రైవునుండి అందించి చూడవలెను. పాత భాగమును తొలగింపక దానిపైననే స్థాపించినచో పూర్వపు ఫైళ్లు విండోస్ ఓల్డ్ అను ఫోల్డరునందు కొన్ని దినములు నిలుచును. కాని అది శుభ్రస్థాపనము కాదు.

నడుమ యంత్రము తనంత తానే ఆగి మరల తెరచుకొనును. అప్పుడు తిరిగి పెన్‌డ్రైవునుండి ఆరంభింపరాదు. అట్లు చేసిన పని మొదటికి వచ్చును.

తరువాతి పనులు

మొదట భద్రతా సవరణలన్నియు పూర్తి కానీయవలెను. డివైస్ మేనేజరునందు పసుపు గుర్తుగల భాగములకు డ్రైవర్లను చేర్పవలెను. విండోసునందు డిఫెండరు అను రక్షకము వెంటనే యుండును. పాత ఫైళ్లను దానిచే పరీక్షింపజేసిన పిదపనే లోనికి తేవలెను. ప్రోగ్రాములను అవసరమైనవానినే నెలకొల్పవలెను. ముప్పది ప్రోగ్రాములను మరల నింపినచో మందగతి కూడ మరల వచ్చును.

ఏ రాష్ట్రమున కొనిన యంత్రమందైనను తెలుగును మనమే చేర్చుకొనవలెను. భాషల అమరికయందు తెలుగును చేర్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లభించును. 2019 నుండి ఉచ్చారణ ననుసరించు ఫొనెటిక్ కీబోర్డు కూడ కలదు. చదువుటకు నిర్మల ఫాంటు సిద్ధముగనే యుండును. గౌతమి, వాణి ఫాంటులు కావలెనన్న ఐచ్ఛిక అంశములలోని తెలుగు అనుబంధ ఫాంటులను దింపుకొనవలెను. నకలు తీసిన పాత ఫాంటులను ఇప్పుడే తిరిగి చేర్చి, ఒక పాత ఫైలును తెరచి చూడవలెను.

యంత్రమును ఇతరులకు ఇచ్చునపుడు మాత్రము భాగములను తొలగించుట చాలదు. అట్లు తొలగించిన హార్డ్‌డిస్కునుండి మన పత్రములను పరులు బయటికి తీయవచ్చును. డిస్కును పూర్తిగా శుభ్రపరచు మార్గమును రీసెట్టునందు ఎన్నుకొనవలెను. ఎస్ఎస్‌డీ యైనచో దాని తయారీదారు ఇచ్చు చెరపు సాధనమును వాడవలెను.

నకళ్లున్న డిస్కును పని ముగిసిన దినముననే వేరొక అవసరమునకు వాడరాదు. కొన్ని వారముల వరకు ఏదియో ఒక ఫైలు మరచిన సంగతి తెలియుచునే యుండును. సిస్టమును ఎన్నిమారులైనను క్రొత్తగా తెచ్చుకొనవచ్చును. అది అంగడి సరకు. తాతగారి కంఠస్వరము, తల్లి చేతి వ్రాత యొక్క చిత్రము, ఏబది యేండ్ల సంఘచరిత్ర ఏ సైటునందును దింపుకొన లభింపవు. విద్యార్థులు తమ యిండ్లలో ఈ పనికి పూనుకొనుటకు ముందు పెద్దలతో కూర్చుండి, ఏ ఫైలు ఎచట నున్నదో ఒక పట్టిక వ్రాయుదురు గాక. ఆ పట్టిక పూర్తియైన పిదపనే తుడుచుట ఆరంభింపవలెను.