కొలిమి దగ్గర విజ్ఞానశాస్త్రం

విశాఖ ఉక్కు గురించి మీకు తెలుసు. ఆ కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే ఊళ్లలో ఒకటైన బచేలి పేరు మీలో కొందరు విని ఉండకపోవచ్చు. అది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, దంతేవాడ జిల్లాలో, బైలడిల్లా కొండల కింద ఉంది. ఆ కొండలు ఎద్దు మూపురంలా ఉంటాయి కాబట్టే ఆ పేరు వచ్చిందంటారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో కిరందుల్‌లో, 1977లో బచేలిలో గనులు ప్రారంభించింది. అక్కడి ఖనిజం కొత్తవలస-కిరందుల్ రైలు మార్గంలో, అరకు మీదుగా విశాఖ చేరుతుంది.

ఇనుము మీద బతికే ఇలాంటి ఊళ్లో పిల్లలు ఇంజనీరు కావాలని కోరుకోవడం సహజం. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా మరోచోట ఉంది. "చదువుకోకపోతే గేదెలు కాసుకుంటావు" అని మనం పిల్లల్ని బెదిరిస్తాం. చేతిపని అంటే చదువు రానివాడికి పడే శిక్ష అని ఆ ఒక్క మాటతోనే నేర్పేస్తున్నాం. ఆ తర్వాత శ్రమ గౌరవం మీద ఎన్ని వ్యాసాలు రాయించినా ప్రయోజనం తక్కువే.

నిజానికి కమ్మరి చేతిలో ఎంత చదువు ఉందో చూడండి. అతని దగ్గర థర్మామీటరు ఉండదు. ఇనుము రంగే అతనికి కొలమానం. మసక ఎరుపు వస్తే సుమారు 700 డిగ్రీల సెల్సియస్, నారింజ దాటి పసుపుకు తిరిగితే వెయ్యికి పైన. చల్లారిన ఇనుమును కొడితే పగులుతుంది. మరీ తెల్లగా కాలిస్తే నిప్పురవ్వలు చిమ్ముతూ ఇనుమే కాలిపోతుంది. ఆ రెండింటి మధ్య దొరికే కొద్ది క్షణాల్లోనే సమ్మెట దెబ్బ పడాలి.

లారీ కమాన్ కట్టతో కొడవలి చేస్తున్నాడనుకోండి. ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచితే అది గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. అందుకని ఒకవైపు రుద్ది మెరిపించి, మళ్లీ మెల్లగా వేడిచేస్తాడు. సుమారు 230 డిగ్రీల దగ్గర ఆ మెరుపు మీద ఎండుగడ్డి రంగు, 300 దగ్గర నీలం కనిపిస్తాయి. నీళ్ల మీద నూనె పొరలో రంగులు కనిపించడానికి, ఇక్కడి పలుచని ఆక్సైడ్ పొరలో రంగులు రావడానికి కారణం ఒక్కటే: కాంతి వ్యతికరణం. మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని అధ్యాయమే ఇది. అదే మామూలు మెత్తని ఇనుప చువ్వను ఎన్నిసార్లు ముంచినా అంతగా గట్టిపడదు. దానిలో కార్బన్ చాలదు.

బస్తర్‌లోనే కొండగావ్ ప్రాంతపు కమ్మరులు పాత ఇనుమును సాగగొట్టి దీపస్తంభాలు, లేళ్లు, గుర్రాలు చేస్తారు. మన తెలంగాణలో, నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇలాంటి భారతీయ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని లండన్‌లో మైకేల్ ఫారడే ప్రయోగాలు చేశాడు. ఫారడే కమ్మరి కొడుకు. ఉక్కు మిశ్రమాలపై 1820లో వెలువడిన పరిశోధన పత్రంలో అతనితోపాటు ఉన్న పేరు జేమ్స్ స్టోడార్ట్. ఆయన కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసే పనివాడు.

మన దేశంలో 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు చెప్పాలని ప్రతిపాదించారు. జాకిర్ హుస్సేన్ సంఘం దానికి పాఠ్యప్రణాళిక రూపొందించింది. పిల్లలు చేసిన వస్తువులతో బడి ఖర్చు గడవాలన్న ఆలోచనకు మాత్రం అప్పుడే అభ్యంతరాలు వచ్చాయి. అవి న్యాయమైనవే. బడి కార్ఖానా కాకూడదు. మరో చిక్కు ఇంతకన్నా లోతైనది. మన దగ్గర పని కులానికి కట్టుబడి ఉంది. కమ్మరి పిల్లవాడికి కొలిమి గొప్పదని చెప్పి, అధికారి పిల్లవాడికి కంప్యూటర్ ఇస్తే అది గౌరవం కాదు, పాత కట్టుబాటే. నేర్పితే ఇద్దరికీ, అమ్మాయిలతో సహా అందరికీ కొలిమీ కంప్యూటరూ రెండూ నేర్పాలి.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు ఏదో ఒక దశలో పుస్తకాల సంచీ లేని పది రోజులు ఇమ్మంది. ఆ రోజుల్లో వడ్రంగి, కుమ్మరి వంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలి. బచేలి వంటి ఊళ్లో అయితే గని వర్క్‌షాపులోని ఫిట్టరు, వెల్డరు కూడా బడికి వచ్చి గురువులు కావచ్చు. అయితే పది రోజులూ విహారయాత్రలా గడిచిపోతే లాభం లేదు. మొదటి రోజు నిప్పు రంగులు చూసి రాసుకోవడమే చాలు. తర్వాత కళ్లద్దాలు, బూట్లు వేసుకుని, పెద్దల పర్యవేక్షణలో, ప్రతి ఒక్కరూ ఒక చిన్న కొక్కెం చేయాలి. కమ్మరి రెండుసార్లు కాల్చి ముగించే పని తనకు ఎన్నిసార్లు పట్టిందో, ఎక్కడ వంకర పోయిందో నోటుపుస్తకంలో రాయాలి. నేర్పిన రోజులకు కమ్మరికి కూలి కాదు, అతిథి అధ్యాపకుడికిచ్చే పారితోషికం ఇవ్వాలి. మార్కులు వేసేటప్పుడు ఉపాధ్యాయుడి పక్కన అతన్నీ కూర్చోబెట్టాలి.