తోటలో తేడా మొక్క: అరటిలో ఉత్పరివర్తనాలు

గౌతమీ తీరాన ముక్తేశ్వరం పరిసరాల లంక భూములలో తోట వేయడమంటే పిలక నాటడమే. ఒక తల్లి దుంప నుండి వచ్చిన కర్పూర చక్కెరకేళి మొక్కలన్నీ జన్యుపరంగా ఆ తల్లికి నకళ్ళే. 33 క్రోమోజోములు గల ఈ త్రయస్థితిక రకంలో గింజ కట్టదు. సంకరణకు దారి దాదాపు మూసుకొనిపోయిన ఇటువంటి పంటలో కొత్తదనానికి మిగిలిన ప్రధాన మార్గం ఉత్పరివర్తనమే.

కణ విభజనకు ముందు డి.ఎన్.ఏ. నకలు తయారవుతుంది. అందులో దొర్లే పొరపాట్లను చాలావరకు ఎంజైములు సరిదిద్దుతాయి. వాటి కన్నుగప్పినవి నిలిచిపోతాయి. అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు, కొన్ని రసాయనాలు ఈ పొరపాట్లను పెంచుతాయి. వరద వచ్చినదని వరదను తట్టుకొనే మార్పు పుట్టదు. విద్యార్థులు తరచుగా తడబడేది ఇక్కడే.

ఆకు కణంలో కలిగిన మార్పు ఆ ఆకుతోనే ఎండిపోతుంది. దుంప మొగ్గలోని విభాజ్య కణంలో కలిగినది పిలకకు చేరుతుంది. అక్కడ కూడ మారిన కణాలు, మారనివి ఒకే మొక్కలో పొరలుగా ఉండవచ్చు. దీనినే కైమీరా అంటారు. అందువలన ఒక పిలకలో కనిపించిన లక్షణం మరొక పిలకలో లేకపోవచ్చు.

తమిళనాట పూవన్‌గా పిలువబడే ఈ కర్పూర చక్కెరకేళి నుండే మొట్ట పూవన్ వచ్చినది. ఎర్ర అరటిలో ఆకుపచ్చ గెల వేసే రూపం, జమైకాలో గ్రోస్ మిషెల్ నుండి పొట్టిదైన హైగేట్ కూడ ఇట్టివే. ఇవి సంకరణ ఫలితాలు కావు. సహజంగా వచ్చిన తేడాను గుర్తించి, నిలుపుకొన్నవి.

అయితే పొట్టి మొక్కలన్నీ ఉత్పరివర్తనాలు కావు. ఆకులు సన్నగా, నిటారుగా, గుత్తిగా వచ్చి, అంచులు పసుపుబారి, ఆకు కాడపై ముదురాకుపచ్చ చుక్కలు, గీతలు కనిపిస్తే అది బంచీటాప్ వైరస్ తెగులు. ఆ మొక్కను, దానిపై చేరిన పేనుబంకను వెంటనే నాశనం చేయాలి; దాని పిలక పొరుగు తోటకు పోతే తెగులూ పోతుంది. టిష్యూకల్చర్ కావెండిష్ తోటలలో కనిపించే మరుగుజ్జు మొక్కకు ఈ గీతలుండవు. ఆకులు పొట్టిగా, వెడల్పుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. అందులో అధికభాగం పనికిరానివే.

గెల మేలుగా ఉన్న తేడా మొక్క కనిపించినపుడు మాత్రం విస్తరణ శాస్త్రవేత్త దానికి గుర్తు కట్టించి, పిలకలను విడిగా, మామూలు మొక్కల ప్రక్కనే నాటించాలి. కనీసం రెండు పంటలు లక్షణం చెదరక నిలిచినదా అని చూచిన పిమ్మటనే రైతులకు పిలకలు పంచాలి.