గోన గన్నారెడ్డి గుర్రం ఎక్కడెక్కడ తిరిగింది? మ్యాప్ పెట్టి చూద్దాం

ఈ ఎపిసోడ్ మా తాతయ్య అడిగిన ఒక ప్రశ్న వల్ల మొదలైంది. ఆయన ఆర్మీలో చేసి రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. అందుకని ఆదివారాలు నేను పుస్తకం చదివి వినిపిస్తా. ఈసారి అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' పట్టుకున్నాం.

చాలామందికి ఈ పేరు 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాతోనే తెలుసు. అల్లు అర్జున్ వేసిన పాత్ర. నాకూ అంతే, అబద్ధం ఎందుకు. నవల అయితే 1940లలోది. బాపిరాజు గారు ఆ రోజుల్లో మన హైదరాబాద్‌లోనే మీజాన్ అనే తెలుగు పత్రికకు ఎడిటర్‌గా చేశారు.

కథ పెళ్లి పందిట్లో మొదలవుతుంది. ఆదవోని రాకుమారి అన్నాంబికకు, గన్నారెడ్డి బాబాయి కొడుకు వరదారెడ్డికి పెళ్లి. గన్నారెడ్డి గజదొంగలా వచ్చి పెళ్లికొడుకును ఎత్తుకుపోతాడు. ఇక్కడే తాతయ్య ఆపారు. "ఒరేయ్, ఈ ఆదవోని ఎక్కడ, ఓరుగల్లు ఎక్కడ? ఆ పిల్ల అంత దూరం ఎట్లా పోయిందిరా?"

నేను వెంటనే ఫోన్ తీసి రూట్ కొట్టా. ఆదోని, రాయచూరు, మహబూబ్‌నగర్, హైదరాబాద్, ఉప్పల్, భువనగిరి, వరంగల్. దాదాపు 400 కిలోమీటర్లు. స్క్రీన్ చూపించి గొప్పగా చదువుతుంటే ఆయన నవ్వారు. "కాకతీయుల కాలంలో హైదరాబాద్ ఎక్కడిదిరా?" నిజమే కదా! మన ఊరు పుట్టింది 1591లో. కథ జరిగేది 13వ శతాబ్దంలో. ఇంజినీరింగ్ చదివి, ఐదేళ్లు కోడింగ్ చేసి, నేను పట్టుకున్న లాజిక్ ఇది.

అందుకే రోడ్లన్నీ తీసేసి, నదులు మాత్రం ఉంచి మళ్లీ గీశా. అప్పుడు కథ అర్థమైంది. ఆదోని తుంగభద్రకు దక్షిణాన ఉంది. రాయచూరు తుంగభద్రకు, కృష్ణకు మధ్యన ఉంది. గోన వాళ్ల రాజధాని వర్ధమానపురం కృష్ణ దాటాక ఉత్తరాన. అంటే ఆదోని నుంచి ఓరుగల్లు పోవాలంటే రెండు పెద్ద నదులు దాటాలి. గుర్రం మీద రోజుకు 40 కిలోమీటర్లు వేసుకున్నా పది రోజుల ప్రయాణం. మనకు ఉప్పల్ రింగురోడ్డులో వరంగల్ బస్సెక్కితే ఒక నిద్రలో దిగిపోతాం.

ఆ వర్ధమానపురం ఇవాళ్టి నంది వడ్డెమాన్. నాగర్‌కర్నూల్ జిల్లా, బిజినాపల్లి మండలం. శనీశ్వరుడి గుడికి జనం వెళ్తారే, ఆ ఊరే. పాత శివాలయం కూడా ఉంది. అక్కడికి దగ్గర్లోనే మహబూబ్‌నగర్ వైపు భూత్పూర్. హైవే మీద బోర్డు చూసే ఉంటారు. దాని పాత పేరు బుద్ధాపురం, గన్నారెడ్డి తండ్రి గోన బుద్ధారెడ్డి పేరు మీద. రంగనాథ రామాయణం రాసింది ఈ బుద్ధారెడ్డే. ఆయన కూతురు కుప్పాంబిక శాసనం 1276 నాటిది ఆ ఊళ్లోనే ఉంది. తెలుగులో తొలి కవయిత్రి ఆవిడే అనేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గన్నారెడ్డి నిజంగా ఉన్నాడా? ఉన్నాడు. సాక్ష్యం రాయచూరు కోటలో ఉంది. గోడలో ఒకే రాయి, పొడవు 41 అడుగుల పైనే. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. గోన గన్నయ రెడ్డి సేనాని విఠలనాథుడు ఈ కోట కట్టించాడని రాసుంది. అంత రాయిని బండి మీద పెట్టి దున్నపోతులతో లాగించిన బొమ్మ కూడా గోడ మీదే చెక్కారు. కోట కట్టకముందు గెలిచిన దుర్గాల పేర్లూ అందులో ఉన్నాయి. వాటిలో మొదటిది ఏంటో తెలుసా? ఆదవాని!

ఇది చదివి వినిపించాక తాతయ్య కాసేపు మాట్లాడలేదు. నవలలో ఆదవోని అంటే పెళ్లిపందిరి, పారిపోయిన అమ్మాయి. శాసనంలో మాత్రం అది యుద్ధం చేసి పట్టుకున్న కోట. గజదొంగ వేషం, ఆ పెళ్లి గొడవ బాపిరాజు గారి కల్పన. ఊళ్లు, నదులు, కోటలు మాత్రం నిజం. దేవగిరి దండయాత్ర సంగతి కూడా అంతే. యాదవ మహాదేవుడిని రుద్రమ తరిమిందనేది చరిత్రలోదే. రుద్రమ 'రాయగజకేసరి' బిరుదు ఉన్న శాసనం బీదర్ కోటలో దొరికింది.

మ్యాప్‌లో తూర్పు చివర ఇంకో పిన్ కనిపిస్తోంది కదా, మోటుపల్లి. అది గన్నారెడ్డి కోసం పెట్టలేదు, ఇటలీ మనిషి మార్కోపోలో కోసం. ఆయన చెప్పిన 'ముత్ఫిలి' ఇదేనని పండితుల మాట. అక్కడి రాజ్యాన్ని భర్త పోయిన ఒక రాణి ఏలుతోందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడులాంటి సన్నని బట్ట నేస్తారని చెప్పాడు. ఆ రాణి రుద్రమే అంటారు. కానీ నల్గొండ వైపు చందుపట్ల శాసనం ప్రకారం రుద్రమ 1289కే చనిపోయింది. మార్కోపోలో ఇటువైపు వచ్చింది ఆ తర్వాతే. అంటే తను చూసింది కాదు, రేవులో జనం ఇంకా చెప్పుకుంటున్న మాట విని ఉంటాడు. ఇది నా లెక్క మాత్రమే.

నవల ఇంకా సగమే అయింది. వచ్చే నెల తాతయ్యను రాయచూరు తీసుకెళ్తున్నా. చూపు లేకపోయినా పర్లేదట, రాయి మీద అక్షరాలు చేత్తో తడిమి చూస్తారట.